పైకప్పు లేని ఇల్లు

మే నెలలో కుస్కోక్విమ్ నది మీద మంచు పగిలి
ఫెళఫెళమంటూ దిగువకి పోయాక
ఒడ్డున బురద మిగులుతుంది,
నల్లగా, మెత్తగా, అప్పుడే కలిపిన పిండిలా.
మా ఆడపిల్లలకి అదే పలక.

నస్తాసియాకి ఐదేళ్లు.
చేతిలో వెన్న రాసుకునే కత్తి.
మా అమ్మకి వాళ్ల నాన్న వాల్రస్ దంతంతో చెక్కిచ్చిన యారుయిన్
ఒక చలికాలం నూనె డబ్బాలకి మారకమైపోయింది.
ఏం పర్లేదు, వెన్న కత్తికీ కథలొస్తాయి.

ముందు బురద మీద ఉమ్మి, కత్తి చదునుతో నున్నగా సాపు చేస్తుంది.
ఎవరూ నేర్పలేదనే అనుకుంటుంది.
నేనూ అనుకున్నాను, నా కాలంలో.
మా అమ్మ పక్కన కూచుని గీస్తుంటే
నా వేలు నా మోకాలి మీద
దానంతటదే కదిలేది.

తర్వాత ఇల్లు.
పైన ఎగిరే కొంగ చూసినట్టు:
నాలుగు గీతలు, తలుపు దగ్గర చిన్న ఖాళీ,
ఇదిగో పొయ్యి, ఇదిగో అప్పమ్మ మంచం,
ఇక్కడ ఎవాన్ మామ, తాగి వస్తే ఇక్కడ కాదు, అక్కడ.
కథ ఒక గదిలో అయిపోగానే
అరచేత్తో తుడిచేసి మరో గది.
మిగలడానికి గీసే పిల్ల కాదు.

అసలు మొదటి తప్పు నాది.
దానికి రెండేళ్లప్పుడు
పాత బిల్లు వెనకాల పెన్సిల్‌తో గిరగిరా తిప్పుతుంటే
"అదేంటి తల్లీ?" అన్నాను.
అప్పటిదాకా అది ఏమీ కాదు.
చెయ్యి తిరగడం, అంతే. గాలి తిరిగినట్టు.
నా మొహం చూసి, కాసేపు ఆలోచించి,
"సీల్" అంది.
నేను చప్పట్లు కొట్టాను.
ఆ రోజు నుంచి ప్రతి గీతకీ ఒక పేరు కావలసి వచ్చింది.

బళ్లో మిస్ ప్రూయిట్ మంచి మనిషే.
పిల్లల ముక్కులు తుడుస్తుంది, ఎవరి మీదా అరవదు.
"మీ ఇల్లు గీయండి" అంది.
ముందు బెంచీ పిల్లలు
త్రికోణం కప్పు, పొగ గొట్టం, మూలన సూర్యుడు,
పక్కన రెండు ఆపిల్ చెట్లు గీశారు.
మా ఊరి నుంచి పడవలో నాలుగు రోజులు పోయినా
ఒక్క ఆపిల్ చెట్టు కనబడదు.
అవి పుస్తకంలో కాసిన చెట్లు.

నస్తాసియా నాలుగు గీతలు గీసింది. తలుపు దగ్గర ఖాళీ వదిలింది.
కింద టీచరు ఎర్ర సిరాతో, ఎంతో మర్యాదగా:
"ఇల్లు గుర్తుపట్టేలా గీయడం ఇంకా రావాలి."

ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను.
నాకు సిగ్గేసింది. ఎందుకో అడక్కండి.
రాత్రి అన్నాల తర్వాత
పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టుకుని
త్రికోణం దిద్దించాను.
ఆ వేళ్లు నా వేళ్ల కింద చేపపిల్లలా కొట్టుకుని
కాసేపటికి ఊరుకున్నాయి.
ఆపిల్ చెట్టు కూడా నేనే వేశాను.
ఫ్రిజ్ తలుపుకి అంటించాం.

మర్నాడు ఒడ్డున
బురద మీద త్రికోణం చూసి
లుకేరియా, దాని పిన్ని కూతురు, ఏడేళ్లది, నడుం మీద చేతులేసుకుని,
"మూత పెట్టేశావేంటి?
ఇప్పుడు అప్పమ్మ ఎక్కడ పడుకుందో ఎలా తెలుస్తుంది?" అంది.
నస్తాసియా దగ్గర జవాబు లేదు.
నా దగ్గరా లేదు. చేపలు కోస్తున్నట్టు తల వంచుకున్నాను.

సాయంత్రం పాలకని ఫ్రిజ్ దగ్గరికి వెళితే
బొమ్మలో కప్పు లేదు.
ఉమ్మితో రుద్దింది. బురదైతే చదునయ్యేది.
కాయితం కదా, చిరిగింది.
ఆపిల్ చెట్టు మాత్రం అలాగే నిలబడి ఉంది, పాపం, ఏ ఇంటిదో తెలియక.

చిరుగులోంచి ఫ్రిజ్ తెలుపు కనబడుతోంది.
వంగి చూశాను.
ఆ తెల్లటి రేకు మీదే, పెన్సిల్‌తో,
గోరంత మంచం,
దాని మీద అడ్డంగా ఒక గీత:
నిద్రపోతున్న మా అమ్మ.

తుడవాలని గుడ్డ తీశాను.
పాలు తీసుకుని తలుపు మెల్లగా వేశాను.